స్టూడియోకి ట్యూబు ప్రీ-ఆంప్ కట్టుకోవాలంటే: శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ రెండు జిల్లాల్లో చిన్న రికార్డింగు గదులు నడిపేవాళ్ళూ, సోల్డరింగు మీద చెయ్యి తిరిగిన కుర్రాళ్ళూ ట్యూబు పరికరం సొంతంగా కట్టాలనుకున్నప్పుడు అడిగే సందేహాలు దాదాపు ఒక్కలాగే ఉంటున్నాయి. అందుకే వాటిని ఒకచోట చేర్చాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు. లెక్కలన్నీ రెండు చానళ్ళ మైకు ప్రీ-ఆంప్‌కి, అంటే మైకు ఇచ్చే చిన్న సిగ్నల్‌ని రికార్డింగుకి తగినంతగా పెంచే పరికరానికి, వేసినవి. అందులో 12ఏఎక్స్7 అనే జంట ట్యూబు ఒకటి (రెండు సగాలూ చెరో చానల్‌కి పనిచేస్తాయి), చానల్‌కి 12ఏయూ7 అనే జంట ట్యూబు ఒకటి, ఒక ఇన్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు, ఒక అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు ఉంటాయి.

## మొదలుపెట్టే ముందు

ట్యూబు పెడితే పాత రికార్డుల్లో ఉండే నిండుదనం దానంతటదే వచ్చేస్తుందా?

రాదు. మైకు నుంచి వచ్చేది మిల్లీవోల్టుల్లో ఉంటుంది. అంత చిన్న సిగ్నల్‌ని ట్రయోడు (కరెంటుని వదిలే కాథోడు, అందుకునే ప్లేటు, మధ్యలో అదుపు చేసే గ్రిడ్డు ఉన్న ట్యూబు) దాదాపు ఏమీ మార్చకుండానే పెంచుతుంది. ప్లేటు దగ్గర సిగ్నల్ పదుల వోల్టులకి చేరినప్పుడే రెండో హార్మోనిక్ (మూల స్వరానికి రెట్టింపు హెర్ట్జ్‌లో కలిసే స్వరం) వినపడేంతగా పెరుగుతుంది. జనం ట్యూబు ధ్వని అనుకునేదాంట్లో పెద్ద భాగం ట్రాన్స్‌ఫార్మర్లది, పవర్ సప్లైది, సిగ్నల్ గట్టిగా వచ్చినా చితికిపోకుండా మిగిలే ఖాళీది. 1949లో వచ్చిన నాయ్‌మన్ యూ47 మైకుని చూసినా, రెండు ఈఎఫ్804ఎస్ ట్యూబులతో 34 డీబీ గెయిన్ (సిగ్నల్‌ని పెంచే మోతాదు) ఇచ్చే వీ72 ప్రీ-ఆంప్‌ని చూసినా ట్యూబుతో సమానంగా ట్రాన్స్‌ఫార్మరు మీద శ్రద్ధ కనిపిస్తుంది. మీ డబ్బూ, మీ టైమూ కూడా అటే పెట్టండి.

ఇందులో ప్రాణాపాయం ఎంత?

నిజంగానే ఉంది. ప్లేటు సప్లై 250 నుంచి 300 వోల్టుల డీసీ. ప్లగ్గు పీకేశాక కూడా కెపాసిటర్లలో అది నిలిచే ఉంటుంది. అందుకే మొదటి కెపాసిటరు మీద 100 కిలో ఓమ్, 2 వాట్ల రెసిస్టర్లు రెండు సిరీస్‌లో శాశ్వతంగా కట్టేయాలి. ఒక్కటే ఎందుకు పెట్టకూడదంటే, చిన్న రెసిస్టర్లకి వోల్టేజీ హద్దు కూడా ఉంటుంది. మామూలు పావు వాటుది 250 వోల్టులకే పరిమితం. మొత్తం కెపాసిటన్సు 185 మైక్రోఫారడ్ అయితే 300 వోల్టులు 50కి దిగడానికి నిమిషం పైనే పడుతుంది. రెండు నిమిషాలు ఆగండి, మీటరు పెట్టి చూడండి, ఆ తర్వాతే చెయ్యి పెట్టండి. కరెంటు ఉండగా కొలవాల్సివస్తే నల్ల ప్రోబుని క్లిప్పుతో షాసీకి (లోహపు డబ్బాకి) తగిలించి, ఒక్క చేత్తోనే కొలవండి. వట్టి కాళ్ళతో, తడి గచ్చు మీద, ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఈ పని ముట్టుకోవద్దు.

మొదట ఏది కట్టాలి: ప్రీ-ఆంపా, కంప్రెసరా (గట్టి, మెల్లటి శబ్దాల తేడా తగ్గించేది), ట్యూబు మైకా?

ప్రీ-ఆంపే. హమ్ (కరెంటు వల్ల వచ్చే గుంయ్‌మనే శబ్దం), ఎర్తింగు, నాయిస్ అన్నీ అందులోనే నేర్చుకుంటారు. ట్యూబు మైకులో మొదటి గ్రిడ్డు దగ్గర ఇంపెడన్సు (సిగ్నల్‌కి ఎదురయ్యే నిరోధం) వందల మెగ్ ఓమ్‌ల్లో ఉంటుంది. వేలిముద్ర తడికే అది పాడవుతుంది కాబట్టి మొదటి ప్రయత్నానికి పనికిరాదు.

ఇంట్లో తాతల నాటి వాల్వు రేడియో ఉంది. అందులో ట్యూబులు పీకి వాడొచ్చా?

ట్యూబు మీది నంబరు చూడండి. ఈసీసీ83 అంటే 12ఏఎక్స్7, ఈసీసీ82 అంటే 12ఏయూ7. ఇవి దొరికితే వాడొచ్చు. బెంగళూరు బీఈఎల్ ఒకప్పుడు ట్యూబులు తయారుచేసింది, పాత సెట్లలో అవి ఇప్పటికీ కనిపిస్తాయి. కానీ రేడియోల్లో ఎక్కువగా ఉండే ఈసీహెచ్81 స్టేషన్ పట్టే పనికి, ఈఎల్84 స్పీకరు నడిపే పనికి చేసినవి. మైకు మొదటి దశకి రెండూ పనికిరావు. గాజు లోపల పైన వెండిలా మెరిసే పూత తెల్లగా సున్నం కొట్టినట్టు మారిందంటే గాలి దూరింది, పారేయండి. ఇంకో మాట. ఆ రేడియో ఇంకా పాడుతూ ఉంటే దాన్ని అలాగే ఉంచండి. కొత్త ట్యూబులు జేజే, ఎలక్ట్రో-హార్మోనిక్స్ లాంటి కంపెనీలు ఇప్పటికీ చేస్తున్నాయి.

సామాన్లు ఇక్కడ దొరుకుతాయా?

సగమే. రెసిస్టర్లు, తొమ్మిది కాళ్ళ సాకెట్లు, 450 వోల్టుల కెపాసిటర్ల కోసం హైదరాబాద్ కోఠి, చెన్నై రిచీ స్ట్రీట్ చూడాలి, లేకపోతే ఆన్‌లైన్. మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మరుని వైండింగు షాపులో చేయించుకోవచ్చు. 220 వోల్టులు 50 మిల్లీఆంపులు, 15 వోల్టులు 1.5 ఆంపులు అని రెండు సెకండరీలు (బయటికి వోల్టేజీ ఇచ్చే చుట్లు) చెప్పండి. ప్రైమరీకి, సెకండరీలకి మధ్య ఒక చుట్టు రాగి రేకు వేసి, దాని చివరలు ఒకదానికొకటి తగలకుండా మధ్యలో ఇన్సులేషన్ పెట్టి, ఒక తీగ ఎర్త్‌కి బయటికి తీయమనండి. చివరలు తగిలితే అది షార్టయిన చుట్టు అయి ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతుంది. ఇన్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు మాత్రం షాపులో చుట్టించే పని కాదు. దానికి ప్రత్యేకమైన కోరు, అయస్కాంత క్షేత్రాన్ని అడ్డుకునే మ్యూ-మెటల్ డబ్బా ఉండాలి. మొత్తం ఖర్చులో పెద్ద వాటా దానిదే.

## సర్క్యూట్ గీసేటప్పుడు

గెయిన్ ఎంత ఉండాలి?

లెక్కని పాడే మనిషి నుంచి మొదలుపెట్టండి. షూర్ ఎస్ఎం58 లాంటి డైనమిక్ మైకు 94 డీబీ శబ్దానికి సుమారు 1.85 మిల్లీవోల్టులు ఇస్తుంది. స్టూడియో లైన్ స్థాయి 1.23 వోల్టులు. అంటే 56 డీబీకి పైగా పెంచాలి. కాస్త మిగులు చూసుకుంటే 62 డీబీ సరిపోతుంది.

అది ఎక్కడినుంచి వస్తుందంటే: 1:10 ఇన్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు పది రెట్లు, 12ఏఎక్స్7 సగం సుమారు 52 రెట్లు, రెండు సగాలూ కలిపిన 12ఏయూ7 సుమారు 13 రెట్లు, 5:1 అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు ఐదో వంతు. గుణిస్తే 1,350 రెట్లు, అంటే 62 డీబీ పైచిలుకు. బొబ్బిలి వీణని మెల్లగా మీటుతూ దూరం నుంచి డైనమిక్ మైకుతో పట్టాలంటే ఇది చాలదు. అలాంటప్పుడు ఇంకో ట్యూబు దశ పెంచొద్దు, సిగ్నల్‌తో పాటు నాయిస్ కూడా పెరుగుతుంది. పది, ఇరవై మిల్లీవోల్టులు ఇచ్చే కండెన్సరు మైకు పెట్టండి.

ఇన్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు ఖరీదు ఎక్కువ. మైకుని నేరుగా గ్రిడ్డుకి ఇస్తే ఏమవుతుంది?

సర్రుమనే శబ్దం వస్తుంది. ఎందుకో లెక్క చూస్తే తెలుస్తుంది. ట్రయోడు లోపలి నాయిస్‌ని ఒక రెసిస్టరు నాయిస్‌తో పోల్చొచ్చు, దాని విలువ సుమారు 2.5ని ట్రాన్స్‌కండక్టన్సుతో (గ్రిడ్డు మీద ఒక వోల్టుకి మారే ప్లేటు కరెంటుతో) భాగిస్తే వస్తుంది. 12ఏఎక్స్7కి అది 1.6 మిల్లీఆంపు పర్ వోల్టు, కాబట్టి దాదాపు 1,560 ఓమ్. మైకు 150 ఓమ్ మాత్రమే. అంటే ట్యూబు నాయిస్ మైకు సహజ నాయిస్‌ని పూర్తిగా ముంచేస్తుంది, సుమారు 10.5 డీబీ నష్టం. అదే 1:10 ట్రాన్స్‌ఫార్మరు మధ్యలో ఉంటే 150 ఓమ్ మైకు గ్రిడ్డుకి 15 కిలో ఓమ్‌గా కనిపిస్తుంది. ఇప్పుడు ట్యూబు కలిపే నష్టం అర డీబీ కూడా ఉండదు. వైండింగు నిరోధం వల్ల ఇంకాస్త పోతుంది, అయినా తేడా కొట్టొచ్చినట్టు ఉంటుంది. జెన్సెన్ జేటీ-115కే-ఈ ఈ పనికి చేసిన 1:10 రకం. సెకండరీ మీద 150 కిలో ఓమ్ పెడితే మైకుకి 1.5 కిలో ఓమ్ లోడు కనిపిస్తుంది, మైకులకి కావలసింది అంతే. డబ్బు తగ్గించుకోవాలంటే ఇంకెక్కడైనా తగ్గించండి, ఇక్కడ వద్దు.

మొదటి దశకి ఏ విలువలు వేయాలి?

సప్లై 250 వోల్టులకి 12ఏఎక్స్7 సగానికి ప్లేటు రెసిస్టరు 100 కిలో ఓమ్, కాథోడు రెసిస్టరు 1.5 కిలో ఓమ్. కరెంటు 0.86 మిల్లీఆంపు దగ్గర, ప్లేటు 164 వోల్టుల దగ్గర, కాథోడు 1.3 వోల్టుల దగ్గర నిలుస్తాయి. ప్లేటు రెసిస్టరు తప్పకుండా మెటల్ ఫిల్మ్, 1 వాటుది వేయండి. వేడికి కాదు, నాయిస్ తగ్గడానికి. కార్బన్ కాంపోజిషన్ రకం మీద డీసీ వోల్టేజీ పడితే అదనపు నాయిస్ పుడుతుంది, మన తీరప్రాంతపు తేమకి దాని విలువ కూడా జరుగుతుంది.

కాథోడు కెపాసిటరు 100 మైక్రోఫారడ్ వేస్తే 2 హెర్ట్జ్ వరకు గెయిన్ నిండుగా ఉంటుంది, 22 వేస్తే 9 హెర్ట్జ్ వరకు. గ్రిడ్డు పిన్నుకి ఆనించి 1 కిలో ఓమ్ గ్రిడ్ స్టాపరు పెట్టండి. లేకపోతే పక్కన మొబైలు మోగే ముందు టకటకమనే చప్పుడు రికార్డులోకి వస్తుంది.

గిటారు ఆంప్ సర్క్యూట్ దొరికింది. అదే వాడేస్తే కాదా?

కాదు. అందులో వాల్యూమ్ పాట్ 1 మెగ్ ఓమ్ ఉంటుంది, దాని తర్వాత ఇంకో 12ఏఎక్స్7 ఉంటుంది. ఆ ట్యూబు ప్లేటుకి గ్రిడ్డుకి మధ్య ఉన్న 1.7 పికోఫారడ్, గెయిన్‌తో గుణించబడి వంద పికోఫారడ్‌లా కనిపిస్తుంది. పాట్ సగంలో ఉన్నప్పుడు దాని సోర్సు 250 కిలో ఓమ్. ఈ రెండూ కలిస్తే 6 కిలోహెర్ట్జ్ దగ్గరే తెగిపోతుంది. గిటారుకి అది చాలు. సన్నాయి మెరుపు, జముకు తీగ మీటిన మొన మాత్రం మాయమవుతాయి. స్టూడియో ప్రీ-ఆంప్‌కి 250 కిలో ఓమ్ లాగ్ పాట్, తర్వాత 12ఏయూ7 పెడితే తెగే చోటు 35 కిలోహెర్ట్జ్ దాటుతుంది.

అవుట్‌పుట్ నేరుగా ప్లేటు నుంచి కెపాసిటరుతో తీసుకోవచ్చా?

12ఏఎక్స్7 ప్లేటు నుంచి అయితే వద్దు. అక్కడ అవుట్‌పుట్ ఇంపెడన్సు 38 కిలో ఓమ్ పైనే. షీల్డు కేబులు మీటరుకి సుమారు 100 పికోఫారడ్ అనుకుంటే, పది మీటర్ల కేబులుకే 4 కిలోహెర్ట్జ్ పైన అంతా పడిపోతుంది.

మేం మొగ్గేది ఇలాంటి ఏర్పాటుకి: 12ఏయూ7 రెండు సగాలూ సమాంతరంగా, ప్లేటు రెసిస్టరు 22 కిలో ఓమ్ 2 వాట్లు, కాథోడు రెసిస్టరు 1.2 కిలో ఓమ్ దానిమీద 100 మైక్రోఫారడ్ 25 వోల్టులు. ప్లేటు నుంచి 4.7 మైక్రోఫారడ్ 400 వోల్టుల పాలీప్రొపిలీన్ కెపాసిటరు, దాని తర్వాత 15 కిలో:600 ట్రాన్స్‌ఫార్మరు. కెపాసిటరు డీసీని ఆపేస్తుంది కాబట్టి ట్రాన్స్‌ఫార్మరు కోరులో గ్యాపు అక్కర్లేదు, చిన్నదైనా మంద్ర స్వరాలు చెడవు. అవుట్‌పుట్ ఇంపెడన్సు 200 ఓమ్ దగ్గరికి వస్తుంది, దానికి వైండింగు నిరోధం కలుస్తుంది. 10 కిలో ఓమ్ లోడుకి 20 డీబీయూ దాటేదాకా శుభ్రంగా ఇస్తుంది.

ట్రాన్స్‌ఫార్మరు కొనలేకపోతే 12ఏయూ7 కాథోడు ఫాలోయరు (అవుట్‌పుట్‌ని కాథోడు నుంచి తీసే పద్ధతి) పెట్టుకోవచ్చు. అప్పుడు అవుట్‌పుట్ బాలన్స్‌డ్ (రెండు తీగల్లో ఎదురెదురుగా వెళ్ళేది) కాదు, గెయిన్ లెక్క మళ్ళీ వేసుకోవాలి. కాథోడు 100 వోల్టులు దాటితే హీటరు (కాథోడుని వేడి చేసే తీగ) సప్లైని కూడా 60 వోల్టుల దాకా పైకి ఎత్తి కట్టాలి, లేదంటే హీటరు-కాథోడు మధ్య ఇన్సులేషన్ దెబ్బతింటుంది.

తప్పెటగుళ్ళు రికార్డు చేస్తుంటే గరగరమంటోంది, గెయిన్ తగ్గించినా పోవట్లేదు. ఎందుకు?

గెయిన్ పాట్ మొదటి ట్యూబు తర్వాత ఉంటుంది. చితికిపోయేది దానికన్నా ముందే. దగ్గరగా పెట్టిన మైకుకి తప్పెట దెబ్బ 120 డీబీ అనుకోండి. 20 మిల్లీవోల్టుల కండెన్సరు మైకు అప్పుడు 400 మిల్లీవోల్టులు ఇస్తుంది, ట్రాన్స్‌ఫార్మరు దాన్ని 4 వోల్టులు చేస్తుంది. గ్రిడ్డు బయాసేమో (అది తట్టుకునే హద్దు) 1.3 వోల్టులు. గ్రిడ్డు కరెంటు లాగేసి సిగ్నల్ తల తెగుతుంది.

మందు 20 డీబీ పాడ్ (సిగ్నల్‌ని తగ్గించే రెసిస్టర్ల ఏర్పాటు), అదీ ట్రాన్స్‌ఫార్మరుకి ముందు. రెండు తీగల్లో చెరో 680 ఓమ్, ట్రాన్స్‌ఫార్మరు వైపు రెండు తీగల మధ్య 150 ఓమ్. మైకుకి సుమారు 1.5 కిలో ఓమ్ లోడే కనిపిస్తుంది. ఫాంటమ్ (కండెన్సరు మైకుకి ఇచ్చే 48 వోల్టుల సప్లై) తీగలు పాడ్‌కి మైకు వైపే కలవాలి. ఊరి పండగల బృందాలని రికార్డు చేసేవాళ్ళు ఈ స్విచ్చిని మర్చిపోవద్దు. మైకుని మూడడుగులు వెనక్కి జరిపినా సగం సమస్య తీరుతుంది.

48 వోల్టుల ఫాంటమ్ ఎలా ఇవ్వాలి?

మైకు తగిలించే ఎక్స్ఎల్ఆర్ కనెక్టరులో 2, 3 పిన్నులకి చెరో 6.8 కిలో ఓమ్ ద్వారా. ఆ రెండూ ఒకదానికొకటి సమానంగా ఉండటం అసలు విలువ కన్నా ముఖ్యం. ఒక పొట్లం కొని మీటరుతో కొలిచి, వెయ్యిలో ఒక వంతు తేడా లోపు ఉన్న జతని ఏరండి. తేడా ఉంటే ట్రాన్స్‌ఫార్మరు ప్రైమరీలో డీసీ పారి కోరు నిండిపోతుంది, కింది స్వరాలు నలుగుతాయి. పిన్ను 1 షాసీకి.

## పవర్ సప్లై

హై వోల్టేజీ సప్లైకి ఏమేం కావాలి?

220 వోల్టుల సెకండరీ, ఏసీని డీసీ చేసే బ్రిడ్జికి 1ఎన్4007 డయోడులు నాలుగు, 47 మైక్రోఫారడ్ 450 వోల్టుల కెపాసిటరు. లోడు లేనప్పుడు 311 వోల్టులు, మెయిన్స్ 250కి ఎక్కితే 338. కాబట్టి 350 వోల్టుల కెపాసిటర్లు కొనొద్దు. రెండు చానళ్ళూ, డిశ్చార్జి రెసిస్టర్లూ కలిపి 13 మిల్లీఆంపులు. దాని తర్వాత 2.2 కిలో ఓమ్, 47 మైక్రోఫారడ్. ఆపైన 1.5 కిలో ఓమ్, 47 మైక్రోఫారడ్. ఇక్కడ సుమారు 250 వోల్టులు 12ఏయూ7లకి. అక్కడినుంచి ఒక్కో చానల్ మొదటి దశకి విడిగా 10 కిలో ఓమ్, 22 మైక్రోఫారడ్ 450 వోల్టులు.

మొదటి కెపాసిటరు మీద 100 హెర్ట్జ్ అల దాదాపు 2.8 వోల్టులు ఉంటుంది. రెండు అంచెలు దాటేసరికి అది 1 మిల్లీవోల్టు, మూడో అంచెకి కొన్ని మైక్రోవోల్టులే. పెద్ద చోక్ కాయిల్ అక్కర్లేదు. మొదటి కెపాసిటరుని 470 మైక్రోఫారడ్ చేద్దామన్న ఆలోచన కూడా మానుకోండి. చార్జింగు కరెంటు సన్నటి పోట్లుగా మారి, ఆ పోట్లే బజ్ రూపంలో ఆడియోలోకి దూరుతాయి.

హీటర్లకి ఏసీ చాలా, డీసీ కావాలా?

మైకు ప్రీ-ఆంప్‌కి డీసీ పెట్టండి. మూడు ట్యూబులకీ పిన్ను 4, 5 మధ్య 12.6 వోల్టులు, ఒక్కోటి 150 మిల్లీఆంపులు, మొత్తం 450. పిన్ను 9 ఖాళీ. 15 వోల్టుల సెకండరీ, బ్రిడ్జి, 4,700 మైక్రోఫారడ్ 35 వోల్టులు, దాని తర్వాత వోల్టేజీని నిలకడగా ఉంచే ఎల్ఎం317 చిప్పు. రెసిస్టర్లు 220 ఓమ్, 2 కిలో ఓమ్. మెయిన్స్ 200కి పడినా ఇది నిలబడుతుంది. 250కి ఎక్కినప్పుడు చిప్పు మీద 4 వాట్ల వేడి పడుతుంది, కాబట్టి మంచి హీట్‌సింక్ వేయాలి. చిప్పు లోహపు వీపు అవుట్‌పుట్‌కే కలిసి ఉంటుంది, అభ్రకం పలక లేకుండా షాసీకి బిగించొద్దు.

2 కిలో ఓమ్ చోట తిప్పే ప్రీసెట్ పెట్టొద్దు. దాని స్పర్శ ఒక్క క్షణం తప్పిందా, అవుట్‌పుట్ 19 వోల్టుల దాకా ఎగిరి మూడు ట్యూబుల హీటర్లూ ఒకేసారి పోతాయి.

మా ఊళ్ళో కరెంటు ఎక్కువా తక్కువా అవుతుంది. ఇన్వర్టరు మీద నడపొచ్చా?

సైన్‌వేవ్ ఇన్వర్టరు అయితే నడపొచ్చు. చవక రకం చదరపు అల ఇన్వర్టరు మీద మాత్రం వద్దు. మెయిన్స్ సైన్ అల శిఖరం దాని లెక్క వోల్టేజీకి 1.414 రెట్లు. చదరపు అలకి ఆ శిఖరం ఉండదు. 220 వోల్టుల సెకండరీ నుంచి 300 రావాల్సింది 220 దగ్గరే ఆగిపోతుంది, హీటరు సప్లై కూడా చాలదు, పైగా అంచుల్లో ఉండే పదును బజ్ అయి వినిపిస్తుంది. వోల్టేజీ హెచ్చుతగ్గులకి స్టెబిలైజరు పెట్టుకోండి. కానీ రిలే రకం స్టెబిలైజరు టేక్ మధ్యలో టక్కుమంటుంది, దాన్ని గది బయట ఉంచండి. తుఫాను వేళ కరెంటు పోతే వెంటనే స్విచ్చి కట్టేయండి, వచ్చి నిలకడగా పది నిమిషాలు ఉన్నాక వేయండి.

## డబ్బా, ఎర్త్, వైరింగు

మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మరు అదే డబ్బాలో పెడితే హమ్ వస్తుందా?

దాదాపు తప్పదు. ఇన్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు అయస్కాంత క్షేత్రాన్ని కూడా సిగ్నల్ అనుకుని పట్టుకుంటుంది, దాన్ని ట్యూబులు వెయ్యి రెట్లు పెంచుతాయి. ఆ క్షేత్రం దూరంతో పాటు చాలా త్వరగా తగ్గుతుంది, దూరం రెట్టింపయితే సుమారు ఎనిమిదో వంతు. అందుకే రెండు డబ్బాల పద్ధతి మంచిది. సప్లై ఒక డబ్బా, ఆడియో ఒక డబ్బా, మధ్యలో మీటరున్నర కేబులు. ఆ కేబులు తగిలించడానికి సప్లై డబ్బా మీద ఆడ కనెక్టరే ఉండాలి. మగ పిన్నులు పెడితే కేబులు ఊడినప్పుడు 300 వోల్టులు చేతికి అందుతాయి.

ఒకే డబ్బా కావాలంటే రెంటినీ ఎదురు మూలల్లో పెట్టండి. ఇన్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు బిగించే ముందు హెడ్‌ఫోన్లో వింటూ దాన్ని నెమ్మదిగా తిప్పండి. ఒక కోణంలో హమ్ మాయమైనంత తగ్గుతుంది, అక్కడే బిగించండి. డబ్బాకి 2 మిల్లీమీటర్ల అల్యూమినియం చాలు. ఇనుప డబ్బా ట్రాన్స్‌ఫార్మరు క్షేత్రాన్ని ఇన్‌పుట్ దాకా మోసుకుపోగలదు.

మా ఇంట్లో మూడో పిన్నుకి ఎర్త్ లేదు. లేకుండా నడపొచ్చా?

నడపకూడదు. ట్రాన్స్‌ఫార్మరు ఇన్సులేషన్ పోయిన రోజున డబ్బా మొత్తం, దానికి తగిలించిన మైకు బాడీతో సహా, కరెంటుదవుతుంది. మైకు పాడేవాళ్ళ పెదాలకి తగులుతూ ఉంటుందని గుర్తుంచుకోండి. బొగ్గు, ఉప్పు వేసి ఎర్త్ గొయ్యి తీయించండి, మే నెలలో నీళ్ళు పోస్తూ ఉండండి. న్యూట్రల్‌కి ఎర్త్‌కి మధ్య ఏసీ కొలిస్తే రెండు మూడు వోల్టులు మించకూడదు. పదులు చూపిస్తే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. హమ్ పోతుందని మూడో పిన్ను విరగ్గొట్టే అలవాటు ఎక్కడున్నా మానిపించండి.

డబ్బాలో గ్రౌండు తీగలు ఎక్కడెక్కడ కలపాలి?

మెయిన్స్ ఎర్త్ తీగని ప్లగ్గు పక్కనే షాసీకి బోల్టు వేసి బిగించండి, ఆ బోల్టుకి ఇంకేదీ తగిలించొద్దు. ఆడియో గ్రౌండు వేరే. దశలవారీగా, ఆ దశ ఫిల్టరు కెపాసిటరు మైనస్ దగ్గరే ఆ దశ కాథోడు, గ్రిడ్డు గ్రౌండులు కలవాలి. ఆ గుంపుల్ని వరసగా ఒక తీగతో కలిపి, ఇన్‌పుట్ దగ్గర ఒక్కచోట మాత్రమే షాసీకి తాకించండి. బ్రిడ్జి మైనస్ ముందు మొదటి కెపాసిటరు కాలికి చేరాలి, అక్కడినుంచే మిగతా గ్రౌండుకి వెళ్ళాలి. ఈ ఒక్క తీగ తప్పు చోట కలవడమే మొదటిసారి కట్టేవాళ్ళకి బజ్ రావడానికి ఎక్కువగా కారణం.

పీసీబీ చేయించాలా, టాగ్ స్ట్రిప్ (సామాన్లు సోల్డరు చేసే కాళ్ళ పట్టీ) చాలా?

టాగ్ స్ట్రిప్ చాలు. విలువలు మార్చడం తేలిక, తేమకి పీసీబీలో వచ్చే లీకేజీ ఉండదు. గ్రిడ్డు తీగ అంగుళంన్నర దాటకూడదు.

## మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు

స్విచ్చి వేసే క్రమం ఏమిటి?

మెయిన్స్‌కి సిరీస్‌లో 60 వాట్ల పాత రకం ఫిలమెంటు బల్బు పెట్టండి, ఎల్ఈడీ పనికిరాదు. ట్యూబులు పెట్టకుండా స్విచ్చి వేస్తే బల్బు ఒక్కసారి వెలిగి మసకబారాలి. వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్టుంది. సరిగ్గా ఉంటే బల్బు తీసేసి, సాకెట్ల దగ్గర హీటరు వోల్టేజీ కొలవండి. 12 నుంచి 13.2 మధ్య ఉండాలి. ఆ తర్వాత కట్టేసి, కెపాసిటర్లు డిశ్చార్జి అయ్యాయని కొలిచి, ట్యూబులు గుచ్చండి. వేడెక్కడానికి నిమిషం ఇచ్చి ప్లేటు, కాథోడు వోల్టేజీలు కొలవండి.

12ఏఎక్స్7 ప్లేటు 150 నుంచి 175, కాథోడు 1.1 నుంచి 1.5. 12ఏయూ7 ప్లేటు 130 నుంచి 150, కాథోడు 5 నుంచి 7. కాథోడు సున్నా, ప్లేటు సప్లైతో సమానం అయితే ట్యూబు కరెంటు లాగడం లేదు, హీటరు గానీ సాకెట్ స్పర్శ గానీ చూడండి. రెండో దశ గ్రిడ్డు మీద ఒక్క వోల్టు డీసీ కనిపించినా కప్లింగ్ కెపాసిటరు లీకవుతోంది, మార్చేయండి.

హమ్ వస్తోంది. ఎక్కడినుంచో ఎలా తెలుసుకోవాలి?

ముందు చెవితో. 50 హెర్ట్జ్ మెత్తటి హమ్ అయితే అయస్కాంత క్షేత్రం లేదా ఎర్త్ లూపు. 100 హెర్ట్జ్ గరుకు బజ్ అయితే సప్లై ఫిల్టరు లేదా గ్రౌండు తీగ. గెయిన్ పాట్ పూర్తిగా తగ్గిస్తే పోయిందా, తప్పు పాట్‌కి ముందుంది. పోలేదా, తర్వాతుంది. ఇన్‌పుట్ దగ్గర 2, 3 పిన్నుల మధ్య 150 ఓమ్ పెట్టి వినండి. నిశ్శబ్దంగా ఉంటే మీ డబ్బా బాగుంది, మైకు కేబులు చూసుకోండి. లాప్‌టాప్ చార్జరు పీకితే హమ్ పోతే అసలు తప్పు ప్రీ-ఆంప్‌ది కాదు.

డబ్బా తాకితే గంట కొట్టినట్టు ఖంగుమంటోంది. ట్యూబు పాడా?

లోపలి గ్రిడ్డు వదులై కదులుతోంది. పెన్సిలు వెనకవైపుతో ఒక్కో ట్యూబునీ మెల్లగా తట్టండి. మొదటి దశలో ఏ ట్యూబైనా కొంచెం మోగుతుంది, మోగుతూనే ఉండిపోయేది పక్కన పెట్టండి. మూడు నాలుగు 12ఏఎక్స్7లు కొని, ఒక రోజంతా వేడి మీద ఉంచి, అన్నిట్లోకీ నిశ్శబ్దంగా ఉన్నదాన్ని మొదటి దశకి ఏరుకోండి. సాకెట్ కింద రబ్బరు వాషర్లు వేస్తే గచ్చు మీద అడుగుల చప్పుడు రాదు.

## స్టూడియోలో పెట్టాక

కంప్యూటరుకి తగిలించే ఆడియో ఇంటర్‌ఫేసులో మైకు ఇన్‌పుట్‌కి ఇవ్వాలా, లైన్ ఇన్‌పుట్‌కా?

లైన్‌కే. మైకు ఇన్‌పుట్‌కి ఇస్తే వోల్టు స్థాయి సిగ్నల్ ఇంకో ప్రీ-ఆంప్‌లో దూరి చితుకుతుంది. ఆ ఇన్‌పుట్‌లో ఫాంటమ్ ఆన్‌లో ఉంటే మీ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు మీద 48 వోల్టులు పడతాయి.

మాది కళింగపట్నం పక్కన. ఉప్పుగాలికి ఎన్నాళ్ళు నిలుస్తుంది?

జాగ్రత్త పడితే చాలా ఏళ్ళు. వెచ్చగా నడిచే డబ్బాలో తేమ నిలవదు, కాబట్టి వాడకుండా మూల పడేయడమే దీనికి చేటు. వారానికి రెండు మూడు గంటలైనా నడపండి. ఆపి పెట్టినప్పుడు సిలికా జెల్ పొట్లాలతో మూత ఉన్న పెట్టెలో ఉంచండి. సాకెట్ కాళ్ళకి పచ్చటి చిలుము పడితే గరగర మొదలవుతుంది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ట్యూబుని నాలుగైదుసార్లు తీసి పెట్టండి. వరద నీళ్ళు లోపలికి పోయిన డబ్బాని ఎండబెట్టినంత మాత్రాన స్విచ్చి వేయకండి. ముందు మంచినీళ్ళతో కడిగి ఉప్పు పోగొట్టాలి, ట్రాన్స్‌ఫార్మర్లని వారం పాటు ఆరనిచ్చి మెగ్గరుతో ఇన్సులేషన్ కొలిపించాలి.

ట్యూబులు ఎప్పుడు మార్చాలి?

సంవత్సరాలు లెక్కపెట్టి మార్చొద్దు. మొదటి రోజు కొలిచిన కాథోడు వోల్టేజీలని మూత లోపల కాగితం మీద రాసి అంటించండి. ఐదో వంతు కన్నా ఎక్కువ పడిపోయినప్పుడు, లేదా సర్రుమనే శబ్దం, చిటపటలు పెరిగినప్పుడు మార్చండి.

ఇది కుదిరింది. తర్వాత ఈక్యూ (మంద్ర, తార స్వరాల పాళ్ళు మార్చేది) కట్టాలా, కంప్రెసరా?

ఈక్యూ. పల్టెక్ ఈక్యూపీ-1ఏ పద్ధతిలో కాయిల్, కెపాసిటర్లతో పాసివ్ ఫిల్టరు, దానిలో పోయిన స్థాయిని తిరిగి తెచ్చే 12ఏఎక్స్7, 12ఏయూ7 దశలు ఉంటాయి. మీకు వచ్చిన పనే. ఎల్ఏ-2ఏ తరహా కంప్రెసరులో ట్యూబుల భాగం తేలికే, కష్టం వెలుగుతో నిరోధం మారే ఆప్టికల్ సెల్‌ది. దాని స్పందన వేగం సరిగ్గా రాకపోతే పాట ఊపిరి పీల్చినట్టు ఎగిసిపడుతుంది. ఆ సెల్ తయారుగా దొరికాకే మొదలుపెట్టండి. ఇరవై ట్యూబుల ఫెయిర్‌చైల్డ్ 670 జోలికి మాత్రం ఇప్పుడు వెళ్ళొద్దు, దానికి కావలసిన 6386 ట్యూబుల జతలు దొరకడమే గగనం.